మేనత్త పోలిక

ఆడుపిల్ల పుట్టినప్పుడు పురిటిమంచము చుట్టుచేరి పోలికలు వెదకుట మన యిండ్లలో నొక వేడుక. ముక్కు తాతగారిది, చేతివ్రేళ్లు అమ్మమ్మవి, నవ్వు మాత్రము మేనత్తదే యని తలయొకమాటగా పంచిపెట్టుదురు. ఆ పంపకములో పైకి కనబడునవి మాత్రమే లెక్కకు వచ్చును. రక్తమున చక్కెర నిలుచు తీరు, నడుము చుట్టు కొవ్వు చేరు తీరు, నెలసరి వచ్చు తీరు, ఇట్టి లోపలి పోలికలు ఆనాడు కనబడవు. పదునైదేండ్లకో, ముప్పదియేండ్లకో, ఒక్కొకప్పుడు ఏబదియేండ్లకో బయటపడును. బయటపడిననాడు వీనిని పోలికలని యెవరును అనరు. ఆడుపిల్లయందు కనబడినచో దోషమందురు. మగవానియందు కనబడినచో వయసందురు.

సోదరీమణులారా, పి.సి.ఓ.ఎస్. అను పొడియక్షరములను మీలో పెక్కుమంది వినియే యుందురు. పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనునది పూర్తిపేరు. సంతానయోగ్యమైన వయసులోనున్న స్త్రీలలో నూటికి ఇంచుమించు పదిమందికి ఇది యుండుననియు, వారిలో నూటికి డెబ్బదిమంది వరకు తమకిది యున్నట్లే యెఱుగరనియు ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. నెలసరి తప్పుట, మొగమున రోమములు మొలచుట, మొటిమలు, సంతానము ఆలస్యమగుట మొదలైనవానిని గుఱించి పత్రికలలో తఱచుగా వచ్చుచునే యున్నది. మేము వానిని మరల చెప్పబోము. ఇది యింటి నెత్తుటిలో నడచు స్వభావమనియు, ఆ యింటి పురుషులకును ఇందు భాగము కలదనియు చెప్పుటకే పూనుకొంటిమి.

మా మేనత్తగారి మాట ముందు చెప్పవలెను. ఆమెకు పెదవిపైన నూనూగు మీసముండెడిది. ప్రతి శుక్రవారమును పెరటిలో కూర్చుండి, సున్నిపిండిలో పసుపు కలిపి, పెదవిపైనను గడ్డము క్రిందను చర్మము కందునట్లు రుద్దుకొనుచుండిరి. 1967 లో పదునెనిమిదవ యేట కాపురమునకు వెళ్లి, తొమ్మిదేండ్లకు పుట్టింటికి తిరిగివచ్చిరి. అత్తవారు కఠినముగా నేమియు పలుకలేదట. సంక్రాంతికి పుట్టింటికి పంపిరి. మరల తీసికొనిపోవుటకు ఎవరును రాలేదు. అంతే. మేము బడిలో నేర్చినదానికంటె ఆమె యొద్ద నేర్చినదే యెక్కువ. అమరము వల్లె వేయించినది ఆమె. భారత భాగవతములు తాత్పర్యముతో చదివించినది ఆమె. ఆమెకు నెలసరి మూడునాలుగు మాసముల కొకసారి వచ్చుచుండెడిది. అంటుముట్టుల యిబ్బంది తక్కువ కదా, అదృష్టవంతురాలవని మా నాయనమ్మగారు అనుచుండిరట. నలువదియెనిమిదవ యేట చక్కెరజబ్బు కనబడినది. 2011 లో మూత్రపిండములు చెడి, అఱువదిరెండేండ్లకు కన్నుమూసిరి. బ్రదుకుకాలమున ఆమెను చూచిన వైద్యులకు కొదువ లేదు. బిడ్డలకొఱకు చూచినవారు చక్కెరమాట అడుగలేదు. చక్కెరకు చూచినవారు నెలసరిమాట అడుగలేదు. ఒకే దేహమున నున్న రెండు సంగతులు ఒకదానినొకటి యెఱుగకయే గడచిపోయినవి.

ఈ యెడబాటు మా మేనత్తగారికి మాత్రమే కలిగినది కాదు. వైద్యశాస్త్రమునకే కలిగినది. 1921 లో పారిస్ నగరమున అషార్, తియెర్ అను నిరువురు వైద్యులు గడ్డము గల స్త్రీల మధుమేహమని యొకదానిని వర్ణించిరి. 1935 లో షికాగోలో స్టెయిన్, లెవెంతాల్ అనువారు, నెలసరి సరిగా రాక, అండాశయములు ఉబ్బియున్న ఏడుగురు స్త్రీలను గుఱించి వ్రాసిరి. మొదటివారికి చక్కెర కనబడినది, రెండవవారికి అండాశయము కనబడినది. ఈ రెండు పాయలు కలియుటకు 1980 వఱకు పట్టినది. ఇన్సులిన్ హెచ్చిన స్త్రీలయందు పురుషహార్మోనులును హెచ్చుచున్నవని ఆ సంవత్సరమున చూపబడినది. తరువాత 1989 లో ఆండ్రియా డునైఫ్ అను అమెరికా వైద్యురాలు, బరువు అధికము కాని స్త్రీలయందు సైతము ఈ వ్యాధి యున్నచో ఇన్సులిన్ సరిగా పనిచేయుట లేదని నిరూపించినది. అనగా, తిండిపోతుతనముచేతనే యిది వచ్చినదని నోరు జాఱువారికి ఆనాడే సమాధానము దొరకినది. కాని ఆ మాట మన వీథులవఱకు నడచివచ్చుటకు మిక్కిలి కాలము పట్టుచున్నది.

పేరులోనే కొంత చిక్కు కలదు. అండాశయములో నీటితిత్తులున్నవని స్కానింగు కాగితము చూచి ఎందఱో కంటతడి పెట్టుదురు. అవి నిజముగా తిత్తులు కావు. నెలనెల పక్వమై విడుదల కావలసిన చిన్నచిన్న అండకోశములు, సగము పెరిగి నిలిచిపోయినవి. అవి ఏల నిలిచిపోవుచున్నవో తెలియవలెనన్నచో ఇన్సులిన్ కథ తెలియవలెను.

ఒక యింట అత్తగారు కోడలిని పిలిచినదనుకొందము. కోడలికి చెవి మందము. మొదటిపిలుపునకు పలుకదు కావున అత్తగారు గొంతు పెంచును. కోడలు ఎట్టకేలకు విని పని చేయును. ఇంటిపని సాగినది, కాని ఆ పెద్దగొంతు పొరుగింటి చెవిని పడక మానదు. (అత్తగార్లు మమ్ము మన్నింతురుగాక.) ఇందు అత్తగారు క్లోమము, పిలుపు ఇన్సులిన్, కోడలు కండరము. చక్కెరను లోపలికి తీసికొనుమని ఇన్సులిన్ చెప్పినను కండరము త్వరగా వినదు. అందుచే క్లోమము ఇంకను ఎక్కువ ఇన్సులిన్ విడుచును. రక్తమున చక్కెర పదియేండ్లో యిరువదియేండ్లో సరిగానే యుండవచ్చును. కాని పొరుగింటనున్న అండాశయమునకు చెవుడు లేదు. అది ఆ కేకలన్నియు విని పురుషహార్మోనులను ఎక్కువగా తయారుచేయును. ఇంతలో కాలేయమును తన వంతు చేయును. పురుషహార్మోనులను పట్టి కట్టియుంచు ఒక మాంసకృత్తు కాలేయమున పుట్టవలెను. ఇన్సులిన్ హెచ్చినచో అది తగ్గును. కట్టు విడిన హార్మోను రోమములమీదను, మొటిమలమీదను, అండకోశములమీదను తన పని సాగించును. కొంతకాలమునకు అఱచి యఱచి అత్తగారి గొంతు పోవును. అదే చక్కెరజబ్బు.

కండరముయొక్క ఈ చెవుడే మేము పోలిక యనునది. ఇది పురుషుల కండరములకు లేదా? ఉన్నది. వారికి అండాశయము లేదు గనుక ఆ కేక వినుటకు పొరుగిల్లు లేదు. అంతమాత్రమున ఇంటిలో చెవుడు లేదనుట యెట్లు?

మా కుటుంబమున మేము ముగ్గురు అక్కచెల్లెండ్రము, ఒక అన్నగారు. మాకు పదునాఱవ యేటనుండియే నెలసరి క్రమము తప్పినది. వివాహమైన ఆఱేండ్లకు ఒక కుమారుడు కలిగెను. కడుపుతో నున్నప్పుడు చక్కెర హెచ్చినది. మా పెద్దచెల్లెలు సన్నముగా మునగకాడవలె నుండును. దానికిని ఇదే వ్యాధి. చిన్నచెల్లెలికి నెలసరి గడియారము తప్పినను తప్పదు, ఇద్దఱు బిడ్డలు. అయినను పక్షమున కొకసారి గడ్డము క్రింద రోమములు తీయించుకొనును. మూడు విధములైన ముగ్గురమును ఒక తల్లి బిడ్డలమేనా యని మాకే సందేహము కలుగుచుండెడిది. 1998 లో అమెరికాలో డునైఫ్ ప్రభృతులు జరిపిన పరిశోధన వివరము చదివినప్పుడు ఆ సందేహము తీఱినది. ఈ వ్యాధి గల 80 మంది స్త్రీల యక్కచెల్లెండ్రను 115 మందిని వారు పరీక్షించిరి. నూటికి 22 మందికి అదే వ్యాధి. మఱి 24 మందికి నెలసరి సరిగానే యున్నది, రక్తమున పురుషహార్మోను మాత్రము హెచ్చు. మా చిన్నచెల్లెలు ఆ యిరువదినలుగురిలోనిది కాబోలు. 2006 లో హాలండు దేశమున కవలపిల్లలను చూచిరి. ఒకే అండమునుండి పుట్టిన కవలలయందు ఈ వ్యాధి విషయమైన పోలిక 0.71; వేఱు అండములనుండి పుట్టినవారియందు 0.38. తిండి, ఇల్లు, పెంపకము ఇరుదెఱగుల కవలలకును సమానమే కదా, భేదమంతయు విత్తనమునందున్నది.

ఆ విత్తనము ఒక్కటి కాదు. 2011 లో చైనా పండితులు ఈ వ్యాధితో సంబంధము గల మూడు జన్యుస్థానములను కనుగొనిరి. 2018 నాటికి ఐరోపాజాతుల స్త్రీలలో, పదివేలకు మించిన రోగులను పరిశీలింపగా, పదునాలుగు స్థానములు తేలినవి. ఒక్కొక్కటి చేయు కీడు స్వల్పము. అనేకము కూడినప్పుడు వ్యాధి. ఆ పరిశోధనలో మఱియొక సంగతి బయటపడినది. ఈ వ్యాధికి కారణమగు జన్యుస్వభావమునకును, స్థూలకాయము, మధుమేహము, పురుషుల బట్టతల అనువానికి కారణమగు స్వభావమునకును చుట్టఱికము కలదు. ఈ వ్యాధి గల స్త్రీల సోదరులయందు ఇన్సులిన్ చెవుడును, తండ్రులయందు నడుముకొవ్వు, రక్తపుపోటు, చక్కెర మొదలైనవియు ఎక్కువగా నుండుటను వేఱువేఱు వైద్యులు చూచియే యున్నారు. మా అన్నగారికి ఇరువదియైదేండ్లకే నుదురు నడినెత్తివఱకు వ్యాపించినది. మా తండ్రిగారికి నలువదిరెండవ యేట చక్కెర. మా తాతగారు కాలిపుండు మానక పోయిరి. దిష్టి తగిలినదని మా నాయనమ్మగారు తుదివఱకు నమ్మిరి.

మా వారు ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయులు. ఒక వేసవిసెలవులలో వారు పెద్ద కాగితముపైన మా మూడుతరముల వంశవృక్షము గీసి, చక్కెరకు ఎఱ్ఱచుక్క, నెలసరి చిక్కునకు నల్లచుక్క, గుండెకును రక్తపుపోటునకును నీలపుచుక్క పెట్టిరి. మా తల్లిగారి వైపు కాగితము ఇంచుమించు తెల్లగానే మిగిలెను. చుక్కలన్నియు తండ్రిగారి వైపుననే. జాతకములు నాలుగుతరములవి భద్రపఱచిన యింట, ఎవరు దేనితో పోయిరో వ్రాసియుంచిన కాగితము అది మొదటిది.

తల్లిని చూచి పిల్లను, పాడిని చూచి బఱ్ఱెను అను సామెత మీరెఱుగుదురు. చూడవలెనన్నచో తండ్రినిగూడ చూడవలెను, ఆయన తోబుట్టువులను చూడవలెను. ఈ సామెతవలన ఎందఱు తల్లులు నింద మోసిరో! మేనరికములు మెండుగా నున్న మన తెలుగునాట మీవైపు, మావైపు అని వేలు చూపుకొనుట మఱింత వింత. రెండువైపులును ఒకే తాతగారి యింటిలో కలియుచున్నప్పుడు వేలు ఎటు చూపినను తమవైపునకే తిరుగును.

మన పూర్వులకు ఇవి వంశమున నడచునని తెలియనిది కాదు. మనుస్మృతి మూడవ యధ్యాయమున, పెండ్లికి విడిచిపెట్టవలసిన కుటుంబముల వరుసలో, ఒడలినిండ రోమములు గల కుటుంబము చేర్చబడినది. చూపు నిశితమైనదే, కాని చూచినదానితో చేసినపని వెలివేయుట. సుశ్రుతుని మార్గము మాకు నచ్చును. ఆయన ప్రమేహమును రెండు తెఱగులుగా విభజించెను. తలిదండ్రుల బీజదోషమువలన పుట్టుకతో వచ్చునది యొకటి, అపథ్యమువలన వచ్చునది యొకటి. మొదటిదానియందు రోగి కృశించియుండునని చెప్పి, రెంటికిని వేఱువేఱు పథ్యములు విధించెను. వంశమును దూషించుట కాక, పథ్యము చెప్పుట వైద్యుని పని.

సన్నని దేహమున చక్కెర యుండుట మనదేశమున ఇప్పటికిని నిజమే. పూణేలోని యాజ్ఞిక్ అను వైద్యుడు 2004 లో తన ఛాయాచిత్రమును, తనతో పనిచేయు ఆంగ్లవైద్యుని ఛాయాచిత్రమును ప్రక్కప్రక్కన ప్రకటించెను. ఇరువురి ఎత్తుబరువుల సూచిక ఒక్కటే, 22.3. కాని ఆంగ్లేయుని దేహమున కొవ్వు నూటికి 9.1 పాళ్లు; యాజ్ఞిక్‌గారి దేహమున 21.2 పాళ్లు. త్రాసు చెప్పని సంగతిని నడుముపట్టీ చెప్పును. మన స్త్రీలకు నడుము 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 దాటినచో జాగ్రత్తపడవలెనందురు. మెడచుట్టు చర్మము నల్లబడి మందమగుట ఇన్సులిన్ చెవుడునకు గుఱుతు కావచ్చును. దానిని మట్టియనుకొని పీచుతో రుద్దిన తల్లులు, పాపము, ఎందఱో. 2023 లో ప్రకటింపబడిన లెక్కలనుబట్టి మనదేశమున చక్కెరజబ్బు గలవారు 10.1 కోట్లు, దాని గడపలో నిలుచున్నవారు 13.6 కోట్లు. ఇంతటి జనసమూహమున స్త్రీలు నెలసరి తప్పుటచే ఇరువదియేండ్లు ముందుగానే హెచ్చరిక పొందుచున్నారు. ఆ హెచ్చరిక ఇల్లంతటికిని చెందినదని తలంచినవారు తక్కువ.

మా అన్నగారి కుమార్తెకు ఇప్పుడు పదునాఱేండ్లు. పండ్రెండవ యేట పెద్దమనిషియైనది. గత సంవత్సరమునుండి నెలసరి రెండుమాసముల కొకసారి వచ్చుచున్నది. మొటిమలు, పెదవిపైన రోమములు. పెద్దమనిషియైన మొదటి యేడు క్రమము తప్పుట సహజమే. మూడేండ్లు గడచినపిమ్మట 35 దినములకు మించి ఎడము వచ్చుచుండినచో వైద్యునకు చూపవలెనని 2023 లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శిని చెప్పుచున్నది. ఆ వయసున స్కానింగుతో పనిలేదనియు, పెద్దమనిషియైన యెనిమిదేండ్లవఱకు దానిని నమ్మరాదనియు అందే కలదు. కావున స్కానింగునకు తొందరపెట్టిన బంధువులను మేమే వారించితిమి. వైద్యురాలు థైరాయిడ్ మున్నగు ఇతరకారణములను రక్తపరీక్షతో తొలగించి, పురుషహార్మోను హెచ్చని తేల్చి, వ్యాధి యిదియేనని చెప్పినది.

ఆనాటి సాయంకాలము మా తల్లిగారు మా వదినగారిని అన్నమాట వ్రాయుటకు చేయి రాదు. మీ పుట్టింటివారిలో ఎవరికో ఉండియుండును, దాచి పెండ్లి చేసిరి అని దాని సారాంశము. మా వదినగారు పదునెనిమిదేండ్లుగా ఆ యింట నోరెత్తి యెఱుగరు. ఆనాడును ఎత్తలేదు, వంటింటిలోనికి పోయిరి. అప్పుడు మేము ఆ వంశవృక్షపు కాగితము తెచ్చి మా తల్లిగారి యెదుట పఱచితిమి. "అమ్మా, ఇది మన యింటిది. తాతగారిది, నాన్నగారిది, అత్తయ్యది, నాది. వదిన తెచ్చినది కాదు" అంటిమి. మా తల్లిగారు చాలసేపు మేనత్తగారి పేరుప్రక్క నున్న రెండుచుక్కలను చూచుచుండిరి. వారిరువురును వదినామరదండ్రు, ముప్పదియేండ్లు ఒకే పొయ్యివద్ద వండినవారు.

మేనకోడలు తలుపువెనుక నుండి అంతయు విన్నది. తరువాత మా ప్రక్కను చేరి, "అత్తయ్యా, నాకు నీ పోలికే వచ్చిందట కదా" యన్నది. నవ్వుచునే అన్నది. ఆ మాట మేమును మా మేనత్తగారితో అనియుండవలసినది. ఆనాడు అనుటకు ఎవరికిని తెలియదు.

పిల్లకు చేయవలసినవి పెద్దవేమియు కావు. దినమునకు కనీసము 60 నిమిషముల చుఱుకైన నడకయో ఆటయో; నిద్ర; అన్నపురాశి తగ్గించి పప్పు, కూర, మజ్జిగ పెంచుట. ఈ వ్యాధికి ఫలానా తిండియే మందని నిరూపింపబడలేదు. ఏడుదినములలో నయమగునని పొడులమ్మువారి మాటకు మూడుదండములు. మెట్‌ఫార్మిన్ మాత్రలు, నెలసరిని క్రమపఱచు మాత్రలు వైద్యురాలి యిష్టమునుబట్టి. ఒక్కసంగతి మాత్రము గట్టిగా చెప్పినది. మూడుమాసములు దాటి నెలసరి రానిచో ఊరకుండరాదు. గర్భాశయపు లోపొర దళసరియై ముందుముందు కీడు చేయవచ్చును. అదృష్టమని మా నాయనమ్మగారు అన్నది దీనినే.

ఇక మా అన్నగారు. పరీక్ష చేయించుకొనుమనగా, ఆడువారి జబ్బునకు నాకేల పరీక్ష యని కసరిరి. మా వారు మాటలతో వాదించువారు కారు. దర్జీవద్దనుండి కొలతపట్టీ తెచ్చి, మొదట తన నడుమునకు చుట్టి, అంకె పైకి చదివి, పట్టీ అన్నగారి చేతికిచ్చిరి. తొంబదియెనిమిది. మఱునాడు ఉదయము వదినగారు కాఫీ ఇచ్చుట మానివేసిరి, పరగడుపున పోవలెను కదా యని. 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు త్రాగి రెండుగంటలు కూర్చుండవలెను. పరగడుపున మాత్రము చూచినచో చాలమందియందు సంగతి దాగిపోవును. పరగడుపున 104. రెండుగంటలకు 186. నూటనలువది దాటరాదు, రెండువందలైనచో జబ్బే. అన్నగారు గడపలో నిలుచున్నారు.

ఆ కాగితమును ఇంటికి తెచ్చినది వదినగారు. ఎవరితోను ఏమియు అనలేదు. వంశవృక్షము మడతవిప్పి, మా అన్నగారి పేరుప్రక్క ఎఱ్ఱచుక్క పెట్టవలెనా, ఇంకను సగమే గనుక వలయము పెట్టవలెనా యని మా వారిని అడిగిరి. వలయము చాలునని వారనిరి. వలయము పెట్టి, తేదీ వేసి, మరల సంవత్సరమునకు చూపవలెనని క్రింద వ్రాసి, వదినగారు ఇద్దఱికిని చెప్పులు తీసి వాకిట పెట్టిరి. ఇప్పుడు తండ్రియు కూతురును సాయంకాలము కాలువగట్టున నడచుచున్నారు. మా కుమారుడు వారి వెనుక పరుగెత్తుచుండును. వానికి తొమ్మిదేండ్లు, వాని పేరుప్రక్క ఇంకను చుక్కలు లేవు.